సామాను బండి ఎక్కిన తరువాత

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇల్లు మారడానికి మూడు వారాలే ఉన్నాయనీ, బీరువా తలుపు తెరవాలంటేనే భయంగా ఉందనీ నీవు రాసిన ఉత్తరం చదివాను. కుటుంబంతో సహా నాలుగుసార్లు దూర ప్రాంతాలకు తరలివెళ్లినదాన్ని కనుక, నాకు అనుభవానికి వచ్చినవే చెబుతాను.

ముందుగా అట్టపెట్టెలు కొనకు. అంతగా వాడని గదితో మొదలుపెట్టి, ఒక్కొక్క వస్తువునూ చేతిలోకి తీసుకుని, దీన్ని అంత దూరం మోయించడం అవసరమా అని ఆలోచించు. రవాణా ఖర్చు సామాను పరిమాణాన్నీ దూరాన్నీ బట్టి పెరుగుతుంది గనుక ఆ లెక్క తేలికే. జ్ఞాపకాల లెక్క మాత్రం కష్టం. మొదటిసారి మారినప్పుడు నేను దేన్నీ వదులుకోలేక అన్నీ కట్టించాను. వాటిలో మూడు పెట్టెలను మళ్లీ ఇల్లు మారే రోజు వరకు విప్పనేలేదు. ఇవి పోతే మళ్లీ సమకూరవేమో అన్న దిగులునే అన్నేళ్లూ అటకమీద దాచుకున్నానని అప్పుడు తెలిసింది. ఆ పెట్టెలను అవసరమైనవారికి ఇచ్చేసిన సాయంత్రం మనసుకు కలిగిన తేలిక నాకు ఇప్పటికీ గుర్తుంది.

పుస్తకాలను చిన్న పెట్టెల్లోనే సర్దాలి, పెద్దవాటిలో నింపితే ఎవరూ ఎత్తలేరు. ఫ్రిజ్‌ను ఒక రోజు ముందే ఆపి, ఖాళీ చేసి, ఆరబెట్టి, నిలువుగానే తీసుకువెళ్లమని చెప్పు. ఒకవేళ పడుకోబెట్టి తెస్తే, కంప్రెసర్‌లోని నూనె తిరిగి అడుగుకు చేరేలా కొన్ని గంటలు నిలబెట్టి ఉంచిన తరువాతే స్విచ్ వేయాలి. గ్యాస్ సిలిండర్‌ను సామానుతో పంపకూడదు. ప్రతి పెట్టెకూ అంకె వేసి, అది ఏ గదిదో రాసి, జాబితా నీ దగ్గర ఉంచుకో. సర్టిఫికెట్లు, మందులు, నగలు, పిల్లల రెండు జతల బట్టలు నీ చేతిసంచిలోనే ఉండాలి.

ఇక నేను అసలు చెప్పదలచినది సామాను బండి కదిలిన తరువాతి రోజుల గురించి. ఒకసారి మా సామాను చెప్పిన గడువుకు ఆరు రోజులు ఆలస్యంగా చేరింది. ఆ ఖాళీ ఇంట్లో నేలమీద దుప్పటి పరుచుకుని, ఒక్క గిన్నెతో, నాలుగు గ్లాసులతో గడిపాం. మొదటి రెండు రాత్రులూ సామాను క్షేమంగా చేర్చమని దేవుణ్ణి వేడుకున్నాను. మూడో రాత్రి దీపం వెలుగులో నిద్రపోతున్న పిల్లలను చూస్తుంటే, నేను పోగొట్టుకుంటే తట్టుకోలేనివన్నీ ఆ గదిలోనే ఉన్నాయని తోచి, అడగవలసినది ఏమీ మిగలక, కృతజ్ఞత మాత్రమే చెప్పుకున్నాను. నా విశ్వాసం మాటగా కాక ఊపిరిగా మారినది ఆ రాత్రే. నీకూ అటువంటి నిరీక్షణ ఎదురైతే, ఫోన్లు చేయవలసినవారికి చేసి, మిగిలిన సమయాన్ని ఆందోళనకు ఇవ్వక, కాసేపు మౌనంగా కూర్చో.

సామాను దిగేటప్పుడు మాత్రం మొహమాటపడకు. జాబితాతో సరిచూసి, పగిలినవాటినీ రానివాటినీ ఫోటో తీసి, రసీదు మీద రాసిన తరువాతే సంతకం చేయి. నేను అలసటతో చూడకుండా సంతకం పెట్టి, రాని పెట్టె గురించి తరువాత అడగలేకపోయాను.

మొదట మంచాలు వేయించు, తరువాత వంటగది సర్దుకో. కొత్తచోటు నచ్చలేదని మొదటి నెలల్లోనే తీర్మానించకు. పక్కింటివారి పేర్లు తెలిసేందుకే కొంతకాలం పడుతుంది. బండి బయలుదేరిన రోజు రాత్రి నాకు ఫోన్ చేయి, ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ