ఒక కోతిని చూసి ఇంకో కోతి నిజంగా నేర్చుకుంటుందా?

కోతులు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయా, దానికి మెదడు పెద్దదైతే చాలా అని అడిగారు. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. నేను శాస్త్రవేత్తను కాను. మా పెరట్లో రెండు వేసవులు చూసినది, ఆ ఆసక్తితో చదివినది చెప్తాను.

మా పెరట్లో నీళ్ల డ్రమ్ముకి పక్కకి లాగితే తెరుచుకునే కుళాయి ఉంది. ఒక మధ్యాహ్నం ఒక ఆడ కోతిపిల్ల (మావి ఎర్ర మూతి రీసస్ కోతులు) దాన్ని పట్టుకుని వేలాడుతుంటే నీళ్లొచ్చేశాయి. వారం తిరిగేసరికి దానితో ఆడుకునే పిల్లలు రెండు, ఆ తర్వాత దాని తల్లి కుళాయి తిప్పడం మొదలుపెట్టాయి. గుంపులోని పెద్ద మగకోతి మాత్రం ఒక్కసారీ దాన్ని ముట్టుకోలేదు. ఇంకోటి తిప్పగానే వచ్చి, దాన్ని తోసేసి తాగేది. నీళ్లన్నీ పోతున్నాయని నాయనమ్మకి ఒకటే టెన్షన్. నేనేమో నోట్‌బుక్ పట్టుకుని కిటికీ దగ్గరే ఉండేదాన్ని.

తర్వాత జపాన్‌లోని కోషిమా దీవి గురించి చదివితే ఒళ్లు జలదరించింది. అక్కడ 1953లో ఇమో అనే ఏడాదిన్నర ఆడ కోతిపిల్ల చిలగడదుంపని నీళ్లలో కడుక్కుని తినడం మొదలుపెట్టింది. ముందుగా తోటి పిల్లలు, తల్లి అందుకున్నాయి. పెద్ద మగకోతులు చాలావరకు నేర్చుకోలేదు.

కానీ దీన్ని వెంటనే అనుకరణ అనేయకూడదు. పక్క కోతి కుళాయి దగ్గర ఉందని రెండోది అక్కడికి వచ్చి, తడుముతూ తనంతట తానే కనిపెట్టి ఉండొచ్చు. బెన్నెట్ గేలెఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోషిమా విషయంలో ఇదే అనుమానం లేవనెత్తాడు. ఆ అలవాటు పాకడానికి ఏళ్లు పట్టింది మరి.

దక్షిణాఫ్రికాలో ఎరికా వాన్ డి వాల్ బృందం వర్వెట్ కోతుల మీద చేసిన ప్రయోగం 2013లో వచ్చింది. గులాబీ, నీలం రంగుల మొక్కజొన్న పెట్టి, ఒక్కో గుంపుకి ఒక్కో రంగుని చేదు చేశారు. నెలల తర్వాత చేదు తీసేసినా, కొత్తగా పుట్టిన పిల్లలు దాదాపు అన్నీ తల్లి తినే రంగే తిన్నాయి. వేరే రంగు అలవాటున్న గుంపు నుంచి వచ్చిన మగవి కూడా దాదాపు అన్నీ కొత్త గుంపు రంగుకి మారిపోయాయి. అంటే మగకోతికి నేర్చుకునే శక్తి లేక కాదు. మా పెద్ద కోతికి తోసేస్తే నీళ్లు దొరుకుతున్నాయి, ఇంక నేర్చుకునే అవసరమేముంది? నాకైతే ఇదే సరైన కారణం అనిపిస్తుంది.

ఇక మెదడు సంగతి. సైమన్ రీడర్, కెవిన్ లేలాండ్ 2002లో చాలా వానర జాతుల వివరాలు పోల్చారు. మెదడు పెద్దగా ఉన్న జాతుల్లోనే కొత్తవి కనిపెట్టడం, చూసి నేర్చుకోవడం ఎక్కువగా నమోదయ్యాయి. అయితే 2017లో 140కి పైగా జాతులను పోల్చిన మరో అధ్యయనంలో, మెదడు పరిమాణానికి గుంపు పెద్దదా చిన్నదా అన్నదానికన్నా తినే తిండితోనే ఎక్కువ సంబంధం కనిపించింది. మెదడు బరువో, అందులోని కణాల సంఖ్యో ఒక్కటే చూస్తే లాభం లేదు. ఆఫ్రికా ఏనుగు మెదడులో సుమారు 25,700 కోట్ల న్యూరాన్లు (నాడీ కణాలు) ఉంటాయి, మనిషికి 8,600 కోట్లు. కానీ ఏనుగువి నూటికి 97కి పైగా చిన్నమెదడులోనే (తల వెనక వైపు, కదలికల్ని సరిచూసే భాగం) ఉన్నాయి.

మీరూ కోతుల్ని చూస్తుంటే, కుళాయి ఎవరు తిప్పారన్నది మాత్రమే కాదు, ఆ సమయంలో పక్కన ఏవి ఉన్నాయో, ఎంత దూరంలో ఉన్నాయో కూడా రాసుకోండి. మొదటి వేసవిలో నేనది రాసుకోలేదు. తల్లి ఆ పిల్లని ఎన్నిసార్లు దగ్గరుండి చూసిందో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.