నైట్రేట్ ఉన్న బోరు నీళ్లు కాచి పాపకు తాపొచ్చా?

అక్కా, పరకాల దగ్గర మీ బోరుల నైట్రేట్ ఎక్కువుందన్నరు, అది సముద్రం పక్క ఊర్ల సమస్య కదా, మూడు నెలల పాపకు కాచి తాపితే సరిపోతదా అని అడిగిన్రు. దయచేసి తాపకండి. కాస్తే క్రిములు చస్తయి గానీ నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతది.

మాది నర్సంపేట దిక్కు. మా చెల్లె కాన్పుకు ఇంటికొచ్చినప్పుడు పాలు చాలక డబ్బా పాలు కలపాల్సి వచ్చింది, మా అమ్మ రోజూ బోరు నీళ్లు మసలగాచి అవే కలిపేది, మంచే చేస్తున్నం అనుకున్నం. ల్యాబ్ రిపోర్టు కూడా చేతిల ఉండె, అందుల 21 అని ఉంది, హద్దు 45 కదా, సగం కూడా లేదని పక్కకు పెట్టినం. తర్వాత తెలిసినాయన ఒకరు పక్కన చిన్న అక్షరాలు చూపించిండు, అది నైట్రేట్ కాదు, అందులున్న నైట్రోజన్ లెక్క, 4.43తో గుణించాలె, అంటే 93! తాగే నీళ్లకు బీఐఎస్ (మన దేశంల ప్రమాణాలు పెట్టే సంస్థ) హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్, దీనికి సడలింపు కూడా లేదు. ఆ రాత్రి మా చెల్లె నిద్రపోలే, లైటేసి పాప పెదవులు చూసుకుంటనే కూసుంది. ఎందుకంటే ఆరు నెలల లోపు పిల్లల్లో నైట్రేట్ కడుపుల నైట్రైట్‌గా మారి రక్తం ఆక్సిజన్ మోయకుండ చేస్తది, పెదవులు గోర్లు నీలంగ అయితయి, అట్ల కనిపిస్తే ఆగకుండ దవాఖానకు తీసుకపోవాలె. మా పాపకు ఏం కాలే.

సముద్రం నుంచి బోర్లలకు వచ్చేది ఉప్పు, నైట్రేట్ మాత్రం పైనుంచే దిగుతది. బాపట్ల, చీరాల దిక్కు ఇసుక నేలలు, నీళ్లు పైపైనే ఉంటయి, యూరియా, సెప్టిక్ నీళ్లు తొందరగ కలుస్తయి, అందుకే అక్కడ దీని మాట ఎక్కువ. మనది రాతి నేలే గానీ పగుళ్లున్నయి కదా, మట్టి కూడా నైట్రేట్‌ను పట్టి ఉంచదు. మా బోరుకు పదిహేను అడుగుల్లనే పెంటకుప్ప, ఇంకో పక్క కింద గచ్చు లేని సెప్టిక్ గుంత, వెనక మిర్చి చేను, ఇంకేం కావాలె. పెంటకుప్ప దూరం జరిపినం, రెండేండ్ల తర్వాత పరీక్ష చేపిస్తే ఇంకా 45 పైనే ఉంది.

ఇప్పుడు తాగడానికి, వంటకు భగీరథ నల్లా నీళ్లే, బోరు బట్టలకు, బాసన్లకు. ఆర్వో నైట్రేట్‌ను చాలా వరకు తీస్తది, మామూలు క్యాండిల్ ఫిల్టరు, యూవీ తియ్యవు. ఆర్వో పెట్టినా బయటికొచ్చే నీళ్లు పరీక్ష చేపించండి, టీడీఎస్ మీటరు చూసి నమ్మకండి, అది నీళ్లల కరిగినవన్నీ కలిపి చూపిస్తది, నైట్రేట్‌ను విడిగా చూపించదు. తల్లిపాలు ఇస్తున్నరంటే భయం లేదు, ఆపకండి.

మీ రిపోర్టుల అంకె పక్కన నైట్రేట్ అని ఉందా, నైట్రోజన్ అని ఉందా చూసి రాయండి, లెక్క కట్టి చెప్త.