రెండు జ్ఞానదంతాలు తీయించుకున్నాను, రెండు రకాలుగా గడిచింది: మీ ప్రశ్నకు నా జవాబు

మీకు 24 ఏళ్లు. కింద రెండు వైపులా జ్ఞానదంతాలు అడ్డంగా ఉన్నాయని ఓపీజీ (పళ్లన్నీ, దవడలూ ఒకేసారి కనిపించే) ఎక్స్‌రే చూసి డాక్టరు ఆపరేషన్ చెప్పారు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటున్నారు. ఎంత నొప్పి ఉంటుంది, ఎన్నాళ్లు సెలవు పెట్టాలి, ఏం తినాలి అని అడిగారు. దవడ పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని అమ్మగారు వద్దంటున్నారని కూడా రాశారు.

నేను రాజమండ్రిలో టీచర్ని. నాకు ఎడమవైపు పన్ను 2019లో, కుడివైపుది 2021లో తీశారు, ఇద్దరు వేర్వేరు డాక్టర్ల దగ్గర. రెండూ కింది పళ్లే, రెండూ అడ్డంగా పడుకున్నవే. మొదటిసారి రెండు వారాలు మనిషిని కాలేకపోయాను. రెండోసారి ఐదో రోజున ఆరో తరగతికి పాఠం చెప్పాను. ఆ తేడా చాలావరకు ఇంటికొచ్చాక మొదటి రెండు రోజుల్లో నేను చేసిన పనుల వల్ల వచ్చిందే. అందుకే ఆ రెండు రోజుల గురించే ఎక్కువ రాస్తాను.

ముందు అమ్మగారి భయం సంగతి. మా ఇంట్లోనూ ఇదే మాట. కంటిచూపును మోసే నరం వేరు, పళ్లకు స్పర్శనిచ్చే నరం వేరు. రెండింటికీ సంబంధం లేదు. పన్ను తీయిస్తే చూపు తగ్గదు. మీ ఎక్స్‌రే ఫొటో అమ్మగారికి పంపి, ఆ అడ్డంగా ఉన్న పన్ను ముందు పన్నును ఎలా నెడుతోందో చూపించండి. మా అమ్మకు వంద మాటలు చెప్పినా ఎక్కనిది ఆ ఫిల్ము చూశాక ఎక్కింది.

ఇంకొకటి అడిగి తెలుసుకోండి: ఎందుకు తీస్తున్నారు? అడ్డంగా ఉన్నంత మాత్రాన ప్రతి జ్ఞానదంతాన్నీ తీయాలని లేదు. ఏ జబ్బూ లేని, లోపల ఇరుక్కున్న జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయడం మానేయాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2000లోనే చెప్పింది. నాకు మాత్రం తీయక తప్పలేదు. సగం బయటికొచ్చిన పన్ను మీద చిగురు మూతలా కప్పి ఉండేది. దాని కింద మెతుకులు చేరి రెండు మూడు నెలలకోసారి వాచేది, మింగుతుంటే గొంతు దాకా నొప్పి. దాని పక్క పన్ను కూడా పుచ్చడం మొదలైంది. మీకు ఇలాంటివేమైనా ఉంటే వాయిదా వేయకండి. వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడి పని కష్టమవుతుంది, మానడమూ ఆలస్యమవుతుంది.

ఆపరేషన్ రోజు గురించి పెద్దగా భయపడక్కర్లేదు. నోటి వరకే మత్తు ఇచ్చి చేస్తే కడుపు నిండా తినే వెళ్లండి, తర్వాత కొన్ని గంటలు సరిగా తినలేరు. నిద్రపుచ్చి చేస్తామంటే మాత్రం వాళ్లు చెప్పినట్టు ఖాళీ కడుపుతో ఉండాలి. ఇంజెక్షన్ దవడ చివర లోపలికి ఇస్తారు, ఆ గుచ్చుడు కొన్ని క్షణాలు. ఆ మందులో అడ్రినలిన్ కలుపుతారు కాబట్టి ఒక్కోసారి గుండె దడదడలాడుతుంది, నిమిషం రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. నాకు మొదటిసారి అది తెలియక ఏదో అయిపోతోందని చెయ్యి ఎత్తేశాను. కింది పెదవి సగం, నాలుక సగం మొద్దుబారాకే పని మొదలుపెడతారు. చిగురు కోసి, అడ్డమున్న ఎముక కొంచెం అరగదీసి, పన్నును రెండు మూడు ముక్కలు చేసి ముక్కముక్కగా తీస్తారు. నొప్పి తెలియదు, ఒత్తిడి తెలుస్తుంది. దవడను పక్కకి నెట్టేస్తున్నట్టు ఉంటుంది. పన్ను విరిచేటప్పుడు పటుక్కుమని తల లోపల శబ్దం వినిపిస్తుంది. అది దవడ విరిగిన శబ్దం కాదు, ముందే తెలిసుంటే ఉలిక్కిపడరు. నొప్పి ఏమాత్రం తెలిసినా చెయ్యెత్తండి, ఇంకాస్త మత్తు ఇస్తారు. నాకు ఒక్కోదానికి ముప్పావుగంట పట్టింది. కుట్లు వేసి, గాజుగుడ్డ మడతపెట్టి కొరికి పట్టుకోమని పంపించారు.

ఇక అసలు సంగతి. పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డే ఎముకకు కప్పు, దాని మీదే కొత్త కండ పుడుతుంది. అది ఊడిపోతే లోపలి ఎముక బయటపడుతుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. కింది జ్ఞానదంతాలు తీశాక ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే.

మరి మనం రోజూ చేసే పనులు చూడండి. అన్నం తినగానే పుక్కిలించి ఉమ్ముతాం. పొద్దున్నే నాలుక గీసుకుంటూ గట్టిగా కాకరిస్తాం. నోట్లో కొంచెం రక్తం రుచి తగిలితే ఉమ్మకుండా ఉండలేం. ఈ మూడూ ఆ గడ్డను లాగేసేవే. మొదటిసారి నేను మూడూ చేశాను. మొదటి డాక్టరు గారు "ఉప్పునీళ్లతో పుక్కిలించండి" అన్నారు కానీ ఎప్పటి నుంచో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటికి రాగానే మగ్గు పక్కన పెట్టుకుని ప్రతి ఐదు నిమిషాలకీ ఉమ్ముతూ కూర్చున్నాను. ఉమ్మిలో కలిసిన చుక్క రక్తం కూడా మగ్గు నిండా రక్తంలా కనిపిస్తుంది, ఆ కంగారుకి ఇంకా ఉమ్మేదాన్ని. రాత్రికే గోరువెచ్చని ఉప్పునీళ్లు గట్టిగా పుక్కిలించాను. మర్నాడు మామూలుగానే నాలుక గీసుకున్నాను.

మూడో రోజుకి నొప్పి తగ్గింది, గట్టెక్కాననుకున్నాను. నాలుగో రోజు తెల్లవారుజామున చెవిలో పోటుతో మెలకువ వచ్చింది. చెవి నుంచి కణత దాకా సలుపు, నోట్లో కుళ్లు వాసన, మాత్ర వేసుకుంటే గంట కూడా ఆగలేదు. ముందు రోజు వరకూ తగ్గుతూ వచ్చిన నొప్పి మూడు, నాలుగు రోజులప్పుడు ఒక్కసారి పెరిగిందంటే అదే గుర్తు. ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోకండి, ఆ రోజే వెళ్లండి. గుంతను సెలైన్‌తో కడిగి లవంగనూనె మందు తడిపిన చిన్న గుడ్డ పెట్టారు. పది నిమిషాల్లో ప్రాణం లేచొచ్చింది. రోజు విడిచి రోజు మూడుసార్లు మార్పించుకోవాల్సి వచ్చింది.

రెండోసారి డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సు కుర్చీ లాక్కుని కూర్చుని పావుగంట చెప్పింది. ఆమె చెప్పినవే మీకు చెబుతున్నాను. గాజుగుడ్డను ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోవాలి, మధ్యలో తీసి చూడకూడదు. ఉమ్ము వస్తే మింగేయాలి. మింగలేకపోతే తల వంచి నోరు తెరిస్తే దానంతటదే జారిపోతుంది, టిష్యూతో తుడుచుకోవాలి. మొదటి 24 గంటలు పుక్కిలించడమే వద్దు. ఆ తర్వాత ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని తలను అటూ ఇటూ వంచి జారవిడవాలి, రోజుకు నాలుగైదుసార్లు. స్ట్రా వాడకూడదు, కొబ్బరిబోండాం తాగాలంటే గ్లాసులో పోయించుకోండి. పళ్లు తోముకోవచ్చు, మెత్తని బ్రష్‌తో, గాయం జోలికి పోకుండా. నాలుక గీసుకోవడం వారం పాటు మానేశాను. సిగరెట్ అలవాటుంటే కనీసం వారం మానాలి, డ్రై సాకెట్‌కి అదొక పెద్ద కారణం. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకూ ఆ ఇబ్బంది కొంచెం ఎక్కువ, వాడుతుంటే ముందే డాక్టరుకి చెప్పండి. షుగరున్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, మందులకు ఎలర్జీ ఉన్నా అంతే.

నొప్పి మాత్ర మొదటిది మత్తు దిగకముందే వేసుకోండి. మత్తు దిగేదాకా ఆగితే ఆ మొదటి గంట భరించలేరు. కొందరికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కూడా రాస్తారు, దాంతో నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుంది, కోర్సు అయిపోగానే పోతుంది. అది వాడే రోజుల్లో మద్యం తాగకూడదు.

వాపు మొదటి రోజు కంటే రెండో రోజు, మూడో రోజు ఎక్కువ ఉంటుంది. అద్దంలో చూసి హడలిపోకండి. మొదటి రోజు ఐస్ ముక్కలు రుమాల్లో చుట్టి పైనుంచి బుగ్గకి ఇరవై నిమిషాలు పెట్టి ఇరవై నిమిషాలు తీయాలి. రెండు రోజులు దాటాక వేడి కాపడం. తల కింద రెండు దిళ్లు పెట్టుకుని పడుకుంటే వాపు తక్కువ, దిండు మీద పాత తువ్వాలు పరుచుకోండి. నోరు కూడా సరిగా తెరుచుకోదు. మామూలుగా మూడు వేళ్లు నిలువుగా పట్టే నోట్లో నాకు మూడో రోజు ఒక్క వేలు పట్టింది. రోజూ కొంచెం కొంచెం తెరుస్తుంటే పన్నెండో రోజుకి మూడు వేళ్లూ పట్టాయి.

తిండి విషయంలో మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పప్పు తింటే చీము పడుతుందని మా అత్తయ్య మొదటిసారి వారం రోజులు పప్పు ముట్టనివ్వలేదు. గుడ్డు కూడా వద్దన్నారు. జావ మీదే ఉండి నీరసపడిపోయాను. రెండోసారి అత్తయ్యని కూడా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పెరుగు ఇలాంటివే కావాలని ఆమె నేరుగా చెప్పారు. అప్పటి నుంచి అత్తయ్యే కందిపప్పు మెత్తగా ఉడికించి ఎనిపి, నెయ్యి వేసి చల్లార్చి పెట్టారు. మొదటి రోజు చల్లని మజ్జిగ, ఐస్ క్రీమ్, చల్లారిన రాగి జావ. రెండో రోజు నుంచి మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, అరటిపండు, బాగా ఉడికిన కిచిడీ. ఒక్క విషయం ఎవరూ చెప్పరు: తాలింపు వద్దు. ఒక ఆవగింజ గుంతలో దూరితే దాన్ని తీయలేక చచ్చేంత పనవుతుంది. నువ్వులు, రవ్వ, అటుకులు కూడా అంతే. హాస్టల్ మెస్‌లో ముందే చెప్పి తాలింపు వేయకముందు పప్పు తీయించి పెట్టుకోండి. ఆవకాయ నేను మూడు వారాలు ముట్టలేదు.

కుట్లు నల్లదారంతో వేస్తే వారానికి తీస్తారు, కరిగిపోయే దారమైతే దానంతటదే పోతుంది. గుంత పూడడానికి వారాలు పడుతుంది, ఈలోగా మెతుకులు చేరుతూనే ఉంటాయి. వారం దాటాక సూదిలేని సిరంజితో మెల్లగా కడుక్కోవడం ఎలాగో కుట్లు తీసేటప్పుడు చూపించమనండి.

రెండోసారి నాకు ఒక ఇబ్బంది వచ్చింది, దాచకుండా చెబుతాను. కుడివైపు పన్ను వేర్లు కింది దవడలోని నరానికి బాగా దగ్గరగా ఉన్నాయి. ఓపీజీలో అనుమానం వచ్చి సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపేది) కూడా తీయించారు, పెదవి తిమ్మిరిగా మిగలొచ్చని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. అలాగే కింది పెదవి కుడివైపు, గడ్డం కొంత ఆరు వారాలు స్పర్శ లేకుండా ఉంది. కాఫీ కారుతున్నా తెలిసేది కాదు, క్లాసులో మాటిమాటికీ రుమాలుతో తుడుచుకునేదాన్ని. తర్వాత చీమలు పాకినట్టు మొదలై మెల్లగా తిరిగొచ్చింది. చాలామందికి ఇలా తిరిగే వస్తుంది, అరుదుగా కొందరికి కొంత మిగిలిపోతుంది. కాబట్టి మీ ఎక్స్‌రేలో నరం ఎంత దూరంలో ఉందో తప్పకుండా అడగండి. దగ్గరగా ఉంటే నోటి, దవడ శస్త్రచికిత్సలో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసినవాళ్ల చేతే చేయించుకోండి.

ఖర్చు నాకు మొదటిదానికి ఏడువేలు, రెండోదానికి స్కాన్‌తో కలిపి పదకొండు వేలు అయ్యింది. అంత పెట్టలేకపోతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, విజయవాడలో, కడపలో కూడా ఉన్నాయి. చాలా తక్కువలో అవుతుంది, కాకపోతే తిరగడానికి, వరసలో ఉండడానికి టైము పెట్టుకోవాలి.

కొత్త గాజుగుడ్డతో అరగంట చొప్పున రెండుసార్లు కొరికి పట్టుకున్నా రక్తం ఆగకపోతే ఫోన్ చేయండి. మూడో రోజు తర్వాత కూడా వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వెళ్లండి. మింగలేకపోయినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా పొద్దున దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

సెలవు సంగతికొస్తే కూర్చుని చేసే ఉద్యోగానికి నాలుగు రోజులు, రోజంతా మాట్లాడే పనైతే వారం. గురువారం చేయించుకుంటే వాపు రోజులు శని, ఆదివారాల్లో పోతాయి. రెండు వైపులా ఒకేసారి చేస్తామంటే, మీరు హాస్టల్లో ఒంటరిగా ఉన్నారు కాబట్టి నేనైతే వద్దంటాను. ఒక వైపు తీసి నెల ఆగితే ఇంకో వైపుతో నమలొచ్చు. మొదటి రెండు రాత్రులకి మాత్రం అమ్మగారిని రమ్మనండి. మత్తు దిగే వేళకి మాత్ర అందించడానికి, ఐస్ మార్చడానికి ఒక మనిషి కావాలి. ఆమె భయం కూడా మిమ్మల్ని పక్కనుండి చూసుకుంటేనే తగ్గుతుంది.