పూత లేని చెక్క సామానుకు పెయింటా, వార్నిషా, నూనెనా?

ఏ పూతా లేని భోజనాల బల్ల, పుస్తకాల అర కొన్నారని, వాటికి పెయింట్ మంచిదా, వార్నిష్ మంచిదా, నూనె పట్టించడం మంచిదా అని అడిగారు. ఆ రెంటికీ ఒకే పూత సరిపోదని నా అనుభవం. రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు. రోజూ ఆ సామాను మీద ఏం పడుతుందో, అది ఏ చెక్కతో చేసినదో ముందు చూడండి.

లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసే పాలిష్ ఇచ్చే లోతైన మెరుపు మీద మోజుతో నేను మా భోజనాల బల్లకు అదే పట్టించాను. కొద్ది రోజులకే వేడి గిన్నె పెట్టిన చోటల్లా తెల్లని వలయాలు ఏర్పడ్డాయి. ఆ పూత వేడికి మెత్తబడుతుందనీ, స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుందనీ నాకు అప్పుడే తెలిసింది. అంతా గీకేసి, పాలీయురేథేన్ వార్నిష్ మూడు పూతలు వేశాక ఆ బెడద తీరింది. అందులోనూ నూనె రకం కాలం గడిచేకొద్దీ పసుపుబారుతుంది కాబట్టి, లేత రంగు చెక్కను అలాగే ఉంచదలిస్తే నీటి రకం తీసుకోండి. అయితే నీరు తగిలితే చెక్క పోగులు పైకి లేస్తాయి గనుక, ముందే తడిగుడ్డతో తుడిచి, ఆరాక 220 నంబరు ఉప్పు కాగితంతో చారల వెంబడి తేలికగా రుద్దాలి.

పుస్తకాల అరకు పెయింట్ చక్కగా సరిపోతుంది, కానీ అది పైన్ చెక్కదైతే ముడులను జాగ్రత్తగా చూడండి. నేను తెల్లరంగు వేసిన పైన్ అరలో, కొన్ని నెలలకు ప్రతి ముడి దగ్గరా గోధుమరంగు మరక పైకి తేలింది. ముడిలోని జిగురు ఎన్ని పూతలు వేసినా ఊరుతూనే వస్తుంది. బల్ల మీద నిలవని ఆ లక్కే ఇక్కడ అక్కరకు వచ్చింది: మైనం తీసేసిన లక్కను ముడుల మీద రెండుసార్లు పూసి, ఆపైన ప్రైమర్, ఎనామెల్ వేస్తే మరక మళ్లీ కనిపించలేదు.

అవిసె నూనె చేతికి హాయిగా ఉంటుంది, గీత పడితే అక్కడే మళ్లీ పట్టించవచ్చు. నీటి నుంచి మాత్రం పెద్దగా కాపాడదు. ఒక్కమాట దయచేసి గుర్తుంచుకోండి: ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకోగలవు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి, పూర్తిగా గట్టిపడ్డాకే పారేయండి.

ఏది ఎంచుకున్నా బల్లపై పలకకు అడుగువైపు కూడా పూత వేయండి. ఒకవైపే వేస్తే తేమ రెండు వైపులా ఒకేలా చేరక పలక వంగే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముందు, అదే రకం చెక్కముక్క మీద రుద్దడం నుంచి చివరి పూత దాకా అన్ని దశలూ చేసి, అది బాగా గట్టిపడేదాకా కొన్ని వారాలు ఆగి, నాలుగు నీటి చుక్కలు రాత్రంతా ఉంచి, వేడి గ్లాసు కూడా ఒకసారి పెట్టి చూడండి.