కొరియా సంప్రదాయ వైద్యంలో జుట్టు రాలడానికి టెన్షన్, నిద్రలేమి కారణమని ఎందుకంటారు?

వాళ్ల లెక్కలో తల చల్లగా, పాదాలు వెచ్చగా ఉండాలి. టెన్షన్, రాత్రి జాగారం, వేళ తప్పిన తిండి వల్ల వేడి పైకెక్కి మాడు దగ్గరే నిలిచిపోతుందని, ఎండిన మట్టిలో మొక్కలా కుదుళ్లు వాడిపోతాయని అంటారు. మన ఇళ్లలో ‘వేడి చేసింది’ అంటామే, దానికి చాలా దగ్గరి ఆలోచన ఇది.

1613లో అచ్చయిన, కొరియా వైద్యుడు హొ జున్ రాసిన వైద్య గ్రంథం ‘తొంగుయ్ పొగమ్’ జుట్టును రక్తంలోని మిగులుగా, మూత్రపిండాల సత్తువకు గుర్తుగా చెబుతుంది. అందుకే అక్కడి వైద్యుడు మాడు ఒక్కటే చూసి ఊరుకోడు. నాడి పట్టుకుంటాడు, నాలుక చూస్తాడు, నిద్ర పడుతోందా, తిన్నది అరుగుతోందా, పాదాలు చల్లబడుతున్నాయా అని అడుగుతాడు. ఆక్యుపంక్చర్ సూదులు, కషాయాలు ఆ తర్వాతే. ఈ ఓపిక నాకు నిజంగా నచ్చుతుంది.

గట్టి ఒత్తిడి లేదా జ్వరం తర్వాత 2, 3 నెలలకు జుట్టు ఊడుతుందని ఆధునిక వైద్యమూ ఒప్పుకుంటుంది. కానీ మగవాళ్ల బట్టతలకు అసలు కారణాలు వంశపారంపర్యం, డీహెచ్‌టీ హార్మోను. నిద్ర సరిచేసుకున్నంత మాత్రాన అది ఆగదు. ఇంకోటి, జుట్టు కోసం వాడే ‘హసుఒ’ వేరుతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. డాక్టర్‌ని అడగకుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని తాగకండి.