1885 దిక్సూచి మీద 1915 కవిత: గడువు ఎప్పటి నుంచి లెక్క?

ప్రశ్న: మా నాన్నగారు సర్వే శాఖలో పనిచేశారు. ఆయన ఇత్తడి దిక్సూచి 1986 గోదావరి వరదల్లో పోయింది. అలాంటిది ఇంట్లో ఒకటి ఉండాలని ఏళ్లుగా వెతికాను. చివరికి ఆన్‌లైన్‌లో ‘1885 లండన్ ఒరిజినల్’ అని పెట్టిన జేబు దిక్సూచిని రూ.38,000కు కొన్నాను. 2024 జూన్ 10న చేతికందింది. నల్లబడి ఉంటే చింతపండుతో తోమించాను. మొన్న డిసెంబరులో పాత వస్తువులు సేకరించే ఒకాయన చూసి, ఇది ఈమధ్య చేసిన నకలు అన్నారు. అమ్మినవారిని అడిగితే ‘యాంటిక్ వస్తువులకు రిటర్న్ లేదు’ అంటున్నారు. అమెరికాలో మా మేనల్లుడి స్నేహితుడు అరవై వేలు ఇస్తానంటున్నాడు. అతనికి పంపేయవచ్చా? లేక చీటింగ్ కేసు పెట్టాలా? ఫొటోలు జతచేశాను.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉత్తరం నాన్నగారి జ్ఞాపకంతో మొదలైంది. కేసును తేల్చేది మాత్రం మీరు ఒక్క ముక్క కూడా రాయని మూత లోపలి కవిత. నాలుగో ఫొటోలో అది స్పష్టంగా చదవొచ్చు: రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన ‘ది రోడ్ నాట్ టేకెన్’. అది మొదటిసారి అచ్చయింది 1915లో. ఫ్రాస్ట్ పుట్టింది 1874లో, అంటే మీ మూత మీద చెక్కిన సంవత్సరానికి ఆయనకు పదకొండేళ్లు. 1885లో తయారైన వస్తువు మీద ఈ కవిత ఉండే వీలే లేదు. ఇత్తడి వయసు తేల్చే నిపుణుడి కోసం మీరు తిరగనక్కర్లేదు.

అయితే అమ్మినవారి వకీలు ఊరుకోడు. ‘వస్తువు పాతదే, కవిత తర్వాత ఎవరో చెక్కించారు’ అంటాడు. అందుకు రెండో ఆధారం చేతిలో ఉండాలి. ఇన్‌వాయిస్ తీసి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం వస్తువు రకాన్ని తెలిపే అంకె) చూడండి. నూరేళ్లు దాటిన పురాతన వస్తువులకు 9706. మామూలు దిక్సూచులకు 9014, లోహపు అలంకరణ వస్తువులకు 8306. మీ ఇన్‌వాయిస్‌లో 9706 కాకుండా మిగతా రెంటిలో ఏది ఉన్నా, పన్ను శాఖకు కొత్త వస్తువని చెప్పి మీకు పాతదని అమ్మినట్టే. ఒక అమ్మకానికి రెండు మాటలు చెప్పినవాడిని వినియోగదారుల కమిషన్ తేలిగ్గా వదలదు. అడుగున మరలు కూడా చూడండి. తలమీద ప్లస్ ఆకారపు గాడి ఉంటే అది ఫిలిప్స్ మర. దానికి పేటెంట్లు వచ్చిందే 1936లో. చూసి ఫొటో తీయండి, విప్పకండి.

ఇప్పుడు అసలు చిక్కు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన ఘటన) పుట్టిన రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. డిసెంబరులో మోసం తెలిసింది కాబట్టి అప్పటి నుంచి లెక్క అని మీరు అనుకోవచ్చు. వేరే కేసులో ఆ వాదన నిలబడొచ్చు, మీ కేసులో నిలబడదు. ఏ కవిత మిమ్మల్ని గెలిపిస్తుందో ఆ కవితే అడ్డొస్తుంది: ‘మూత తెరిచిన రోజే కనబడే రుజువును ఏడాదిన్నర పాటు ఎందుకు చూడలేదు?’ అంటారు. దానికి మీ దగ్గర జవాబు లేదు. కాబట్టి డెలివరీ తేదీ నుంచే లెక్కేసుకోండి. 2026 జూన్ 10 మీ ఆఖరి రోజు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే వీలు అదే సెక్షన్‌లో ఉంది, కానీ చేతిలో నెలలు పెట్టుకుని మన్నింపు మీద ఆధారపడటం తెలివితక్కువ. నోటీసులు, ఈమెయిళ్లు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ (నంబరు 1915)లో పెట్టిన ఫిర్యాదు, పోలీసు కేసు – వీటిలో ఏదీ ఈ గడువును ఆపదు.

చింతపండు సంగతి చెప్పక తప్పదు. పాత ఇత్తడికి కీలు దగ్గర, అక్షరాల గాడుల్లో ఏళ్ల తరబడి హెచ్చుతగ్గులుగా మట్టిరంగు పొర పడుతుంది. మందు పూసి నల్లబరిచిన కొత్త ఇత్తడికి ఆ నలుపు అంతటా ఒకేలా ఉంటుంది. ఈ తేడా చూపించే పొరను మీరే పులుసుతో కడిగేశారు. పైగా ‘కొన్నవారే వస్తువు రూపం మార్చారు, వెనక్కి తీసుకోం’ అనే సాకును వాళ్ల చేతికిచ్చారు. పాత వస్తువు కొన్నవారు ముందు ఫొటో తీయాలి, తర్వాతే గుడ్డ ముట్టుకోవాలి. తోమకముందు ఎవరికైనా వాట్సాప్‌లో ఫొటో పంపి ఉంటే ఆ ఫోన్‌లోంచి అసలు ఫైలు తెప్పించండి. ఇకమీద దాన్ని తోమకండి, నూనె కూడా పెట్టకండి.

అమెరికా ఆలోచన ఈ రోజే మానుకోండి. నకలని తెలిసీ ఒరిజినల్ ధరకు అమ్మితే అది మోసం, ఈసారి ముద్దాయి మీరు. ఒకవేళ అది నిజంగా 1885 నాటిదే అనుకుందాం. అప్పుడు నూరేళ్లు దాటి, గతకాలపు విజ్ఞానాన్ని చూపే వస్తువు కాబట్టి పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. దాటించినా, ప్రయత్నించినా 25వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. పార్శిల్ మీద ‘యాంటిక్’ అని రాస్తే కస్టమ్స్ ఆపి పురావస్తు శాఖ ధ్రువపత్రం అడుగుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది: అమ్మకానికి పెట్టినట్టు ఒక్క మెసేజ్ దొరికినా ‘ఈయన వినియోగదారుడు కాదు, తిరిగి అమ్మడానికే కొన్నాడు’ అని వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ చూపిస్తారు. అక్కడితో కమిషన్ తలుపు మూసుకుంటుంది. మేనల్లుడితో ఈ విషయంలో ఇక రాతపూర్వకంగా ఏమీ మాట్లాడకండి, పంపిన మెసేజ్‌లు చెరిపేయకండి.

చీటింగ్ కేసు పెట్టవచ్చు. అమ్మకం 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రాకముందే జరిగింది కాబట్టి దానికి పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 420వ సెక్షన్ వర్తిస్తుంది. కానీ అమ్మేటప్పుడే మోసపు ఉద్దేశం ఉందని రుజువు చేయాలి, ఏళ్లు పడుతుంది, డబ్బు వెనక్కి రావడం దాని పని కాదు. ముందు కమిషన్‌కు వెళ్లండి.

చేయాల్సింది ఇది. అమ్మకపు పేజీ ఇంకా ఉంటే ఈ రాత్రికే శీర్షిక, వివరణ, ధర, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. పేజీ తీసేస్తే ఆర్డర్ ధ్రువీకరణ ఈమెయిలే దిక్కు. అందులో ‘1885’, ‘ఒరిజినల్’ అన్న మాటలు ఉన్నాయా, లేక ‘యాంటిక్ ఫినిష్’ అని ఉందా అన్నది అక్షరం అక్షరం చదవండి. ఎక్కడా తయారైన సంవత్సరం చెప్పకుండా ‘యాంటిక్ ఫినిష్’ అని మాత్రమే ఉంటే అది రంగు గురించిన మాట, మీ కేసు చాలా బలహీనం, ఖర్చు పెట్టుకోకండి. ఉత్తరంలో మీరు రాసినట్టే ఉంటే వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 15వ సెక్షన్ మీ పక్షాన ఉంది: వర్ణన చెప్పి అమ్మితే వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. ‘రిటర్న్ లేదు’ అన్న షరతు కూడా పనిచేయదు. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోననడానికి ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ఒప్పుకోవు.

అమ్మినవారికి, ఆ వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికి రసీదుతో కూడిన స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువిచ్చి నోటీసు పంపండి. అందులో ఒక ప్రశ్న తప్పక పెట్టండి: ‘ఇది నిజంగా 1885 నాటిదైతే, పురావస్తువుల వ్యాపారానికి 1972 చట్టం 5వ సెక్షన్ కింద మీరు తీసుకున్న లైసెన్సు నంబరు తెలపండి.’ నంబరు లేదంటే లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినట్టు. అవసరం లేదంటే వస్తువు పాతది కాదని ఒప్పుకున్నట్టు. జవాబే ఇవ్వకపోతే ఆ మౌనాన్ని ఫిర్యాదులో రాయండి.

పదహారో రోజున ఫిర్యాదు సిద్ధంగా ఉండాలి. మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, అమ్మినవారి ఊరికి వెళ్లనక్కర్లేదు. ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అఫిడవిట్, ఇన్‌వాయిస్, నోటీసు, పోస్టు రసీదులు, కవిత చదవగలిగేలా దగ్గరగా తీసిన ఫొటో జతచేయండి. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ పెట్టండి. సాక్ష్య నియమాలను కమిషన్లు కోర్టులంత పట్టుగా చూడవు, అయినా అది లేదని వాదించే అవకాశం ఎదుటివారికి ఎందుకివ్వాలి? రూ.38,000, దానిపై వడ్డీ, మనోవేదనకు పరిహారం, ఖర్చులు కోరండి. నాన్నగారి సంగతి ఆ మనోవేదన పేరాలో రెండు వాక్యాలు రాయండి, అంతకు మించి వద్దు.