పాత సైకిల్ కొంటున్నారా? బేరం అయ్యాక మొదలయ్యే ఖర్చు చూడండి

ప్రశ్న: ఉద్యోగంలో చేరి ఏడాదైంది. ఆఫీసు 6 కిలోమీటర్ల దూరం. నెలనెలా బస్సు పాసుకీ, బస్సు తప్పిన రోజు క్యాబ్‌కీ పోయే డబ్బు చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. సైకిల్ కొందామని మూడు చూశాను. ఒకటి, ముందూ వెనకా సస్పెన్షన్, 21 గేర్లు ఉన్న సెకండ్‌హ్యాండ్‌ది. రెండోది గేర్లు లేని మామూలు పాత సైకిల్, మొదటిదాంట్లో సగం ధరకే ఇస్తామంటున్నారు. మూడోది కొత్తది, వడ్డీ లేని వాయిదాలట. పొదుపు కొంత ఉంది గానీ అంతా దీనికే పెట్టలేను. ఏది కొనమంటారు?

జవాబు: మీ దారిలో పెద్ద ఎత్తులేమీ లేకపోతే రెండోది కొనండి. అదీ ఫ్రేము బాగుంటేనే. కాకపోతే అది సగం ధరకి వస్తోందని మీరు అనుకుంటున్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. పాత సైకిల్‌కి అమ్మేవాళ్లు చెప్పేది సగం ధరే. మిగతా సగం మెకానిక్ చెబుతాడు.

లెక్క వేద్దాం. అడిగిన ధర 100 అనుకోండి. టైర్లు, ట్యూబులు మార్చాలంటే 25. చైను, బ్రేకు రబ్బర్లకి 10. మెకానిక్ కూలి 10. గట్టి లాకు 15, ముందూ వెనకా లైట్లు 10. మొత్తం 170 అయింది. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలే. మీ మెకానిక్‌ని అడిగి అసలు రేట్లు వేసుకోండి. ఎలా వేసినా 100 దగ్గర మాత్రం ఆగదు.

ఇప్పుడు ఆదా సంగతి. నెలకి మీ ప్రయాణాలకి 20 అవుతోందనుకుందాం. సైకిల్ కొన్నాక ఆ 20 మొత్తం మిగులుతుందని ఆశపడకండి. వాన రోజులుంటాయి, రాత్రి ఆలస్యమైన రోజులుంటాయి, ఊరికే బద్ధకించిన రోజులూ ఉంటాయి. వారానికి 5 రోజుల్లో 3 రోజులు తొక్కితే చాలా బాగా తొక్కినట్టే. అంటే నెలకి 12 మిగులుతుంది. 170 తిరిగి రావాలంటే 14 నెలలు పైనే పడుతుంది. ఈ అంకె చూసి నిరుత్సాహపడక్కర్లేదు. రెండేళ్లు వాడి, అమ్మినప్పుడు ఎంతో కొంత వెనక్కి వస్తుంది. పాత వస్తువులో సుఖమేంటంటే, షోరూం గడప దాటగానే పడిపోయే విలువ నష్టాన్ని మొదటి యజమాని ఎప్పుడో భరించేశాడు.

ఇక్కడ చాలామంది మరిచిపోయే చిక్కు ఒకటుంది. మీరు బస్సు పాసు అన్నారు. వారానికి 3 రోజులు సైకిల్ తొక్కి, మిగతా 2 రోజుల కోసం నెల పాసు కొంటూనే ఉంటే మీకు మిగిలేది దాదాపు సున్నా. ఆ 2 రోజులకీ విడిగా టికెట్ కొంటే పాసు కన్నా తక్కువవుతుందా అని చూడండి. అయితేనే నేను చెప్పిన లెక్క నిలబడుతుంది. ముందు ఎవరి సైకిలైనా అడిగి తెచ్చుకుని, ఆఫీసు వేళలోనే ఓ వారం ఆ 6 కిలోమీటర్లు తొక్కి చూడండి. నగరంలో గంటకి 12 నుంచి 15 కిలోమీటర్ల వేగం వేసుకుంటే 24 నుంచి 30 నిమిషాల పని. ఆ అరగంట తొక్కుడు మీ ఒంటికి పడుతుందో లేదో తేలాకే పర్సు తీయండి.

సస్పెన్షన్ సైకిల్ ఎందుకు వద్దంటున్నానంటే, చవకరకం స్ప్రింగులు బరువు పెంచుతాయి, మీరు తొక్కే బలంలో కొంత మింగేస్తాయి. వెనక సస్పెన్షన్ ఉన్నదాంట్లో అదనంగా అరిగే కీళ్లుంటాయి, వాటికి సరిపడే భాగాలు వెతకడం మరో టెన్షన్. 21 గేర్లంటే ముందు 3, వెనక 7 పళ్ల చక్రాలు. అన్నిటినీ సరిచేసి ఉంచాలి. చదునైన రోడ్డు మీద 6 కిలోమీటర్లకి ఇదంతా అనవసరం. ఎత్తు ఎక్కాల్సిన దారైతే మాత్రం గేర్లుండాలి, స్ప్రింగులు అప్పుడూ అక్కర్లేదు.

రెండో సైకిల్ చూడ్డానికి పగటి పూట వెళ్లండి. ఓ కొలత టేపు జేబులో వేసుకోండి. నవ్వకండి, దాంతోనే బేరం ఆడతారు. సైకిల్ చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి అర అంగుళం ఉంటుంది. కాబట్టి 24 పిన్నులు దాటితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. టేపు చివర కొక్కెం అడ్డొస్తుంది గనక 1 అంగుళం గీతని ఒక పిన్ను నడిమధ్య పెట్టండి. చైను బిగువుగా ఉన్న పైవైపు కొలవండి. 13 గీత దగ్గర ఇంకో పిన్ను నడిమధ్య కనిపిస్తే చైను బాగున్నట్టే. గీత కన్నా ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటి ఉంటే చైను మార్చాలి. 3 మిల్లీమీటర్లు దాటిపోయిందంటే ఆ సాగిన చైను వెనక ఫ్రీవీల్ (చైను తిప్పే వెనక పళ్ల చక్రం) పళ్లని కూడా తినేసి ఉండొచ్చు. కొత్త చైను వేస్తే పాత పళ్ల మీద జారుతుంది, రెండూ మార్చాల్సి వస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడాకి ఖర్చు పెరిగిపోతుందన్న మాట. ఆ కొలత అమ్మే ఆయనకి చూపించి అంత మేరకు ధర తగ్గించమనండి. కళ్లెదుట టేపు ఉండగా వాదించడం కష్టం.

ఫ్రేము సంగతి బేరానికి సంబంధించింది కాదు. హ్యాండిల్ కింద నిలువుగా ఉన్న పొట్టి గొట్టానికి కింది ఏటవాలు గొట్టం అతికే చోట వేలితో తడిమి చూడండి. రంగు ముడతలు పడినా, సన్న గీతలా పగులు కనిపించినా బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుందని అర్థం. ఎంత తగ్గించినా కొనొద్దు.

సీటు పైకీ కిందకీ కదిలించి చూడటం కూడా మరవకండి. ఇది నా అనుభవం. ఒకప్పుడు నేను కొన్న పాత సైకిల్‌కి సీటు ఆ అమ్మిన మనిషి కాళ్లకి సరిపోయే ఎత్తులో ఉంది, ఆయన నాకన్నా బాగా పొట్టి. ఇంటికెళ్లి పైకి లేపుదాంలే అనుకున్నాను. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం, ఏళ్ల తరబడి గ్రీజు లేక పట్టేసింది. మెకానిక్ నూనె పోసి, రెండు రోజులాగి, సుత్తితో కొట్టి, చివరికి కోసి తీశాడు. ఆ కూలి నేను బేరమాడి తగ్గించుకున్నదాని కన్నా ఎక్కువైంది. అప్పటికే ఊళ్లోవాళ్ల లెక్కలు సరిచేసే ఉద్యోగంలో ఉన్నాను మరి.

మిగతావి అయిదు నిమిషాల పని. చక్రం ఎత్తి తిప్పితే బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు అటూఇటూ ఊగకూడదు. కొద్దిగా ఊగితే బెండు తీయించుకోవచ్చు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ దగ్గర టకటకలాడకూడదు. టైరు పక్కల బీటలుంటే పైన నేలకి తగిలే బటన్లు ఎంత బాగున్నా టైరు పోయినట్టే.

సైకిల్‌ని తలకిందులు చేసి పెడళ్ల ఇరుసు కింద చూడండి. చాలా సైకిళ్లకి ఫ్రేము నంబరు అక్కడే కొట్టి ఉంటుంది. దాన్ని ఎవరో ఆకురాయితో రుద్దేసినట్టుంటే మర్యాదగా వచ్చేయండి. దొంగ సైకిల్ అని తేలితే మీ 100 మొత్తం పోతుంది, పైగా పోలీసుల ప్రశ్నలు. నంబరు బాగుంటే ఓ కాగితం మీద ఆ నంబరు, తేదీ, ధర రాయించి సంతకం తీసుకోండి.

వాయిదాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. వడ్డీ లేదన్నచోట ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు అని అడగండి. ఆ రెండు జవాబుల్లో వడ్డీ బయటపడుతుంది. అసలు తొక్కుతామో లేదో తెలియని వస్తువు మీద నెలనెలా వాయిదా పెట్టుకోవడం నాకు నచ్చదు.

అత్యవసర నిధిని ముట్టుకోకుండా 170 చేతిలో ఉంటేనే 100 చెప్పిన సైకిల్ దగ్గరికి వెళ్లండి. హెల్మెట్ లెక్క దీనికి వేరే. అది మాత్రం పాతది కొనొద్దు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ లోపల నలిగిపోయినా పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది.

చూసొచ్చాక చైను కొలత ఎంత వచ్చిందో, టైర్లు ఎలా ఉన్నాయో రాయండి. ఎంతకి అడగాలో అప్పుడు చెబుతాను.